థర్మామీటర్ కరెక్టని ఎలా తెలిసింది మేడమ్?

గుంటూరులో ఉంటూ రోజూ విజయవాడ వెళ్లి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ముప్పై తొమ్మిదేళ్ల లెక్చరర్ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, కాలేజీ పేరు వద్దన్నారు. ఆ ఉత్తరం సారాంశం ఇది.

ఆమె పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నారు. ఫస్టియర్ పిల్లలకు పదార్థ ఉష్ణ ధర్మాలు చెబుతుండగా మూడో బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లవాడు. "మేడమ్, వేడితో పాటు పాదరసం సమానంగా వ్యాకోచిస్తుంది అన్నారు కదా. సమానంగా అని తెలియాలంటే ముందు వేడిని కొలవాలి, దానికి ఇంకో థర్మామీటర్ కావాలి. మరి ఆ థర్మామీటర్ కరెక్టని ఎలా తెలిసింది?" అని అడిగాడు. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. షెడ్యూల్ ప్రకారం ఆ పీరియడ్‌లో ఇంకా పదకొండు లెక్కలు చేయించాలి. "సిలబస్‌లో లేనివి అడిగి అందరి టైమ్ తినకు, కూర్చో" అన్నారు. ఎనభై మంది ఉన్న క్లాసు గొల్లున నవ్వింది. ఐదు వారాలైంది. ఆ అబ్బాయి మళ్లీ నోరు తెరవలేదు. చివరి బెంచీకి మారిపోయాడు. వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గుతున్నాయి.

ఆ తర్వాత ఒక రాత్రి ఆమె ఏడేళ్ల పాపకు జ్వరం వచ్చింది. చంకలో పెట్టిన డిజిటల్ థర్మామీటర్ 100.8 చూపింది. నమ్మకం కలగక ఇంకోటి తెచ్చి నోట్లో పెడితే 101.6. వంటింట్లోంచి వచ్చిన అత్తగారు నుదుటి మీద చెయ్యి వేసి "జ్వరమేమంత లేదమ్మా" అన్నారు. "మూడు జవాబులు చూశాక నాకు ఆ అబ్బాయి ముఖం గుర్తొచ్చింది. పాప నిద్రపోయాక పాత పుస్తకాలన్నీ తీశాను. ఒకదాంట్లో వేడి, చల్లదనాల స్థాయిని ఉష్ణోగ్రత అంటారని ఉంది. ఇంకోదాంట్లో అణువుల సగటు గతిజశక్తి అని ఉంది. నా ఎమ్మెస్సీ నోట్సులో ఎంట్రోపీతో ఏదో సూత్రం ఉంది. నాకే తెలియనిదాన్ని ఇన్నేళ్లు పిల్లలకు చెప్పానా?" అని రాశారు. ఇప్పుడు ఆ సెక్షన్‌లోకి వెళ్లాలంటే టెన్షన్. ఇన్‌ఛార్జి షెడ్యూల్ దాటొద్దంటారు. "పిల్లాడి ప్రశ్నకు ఉద్యోగం మానేస్తావా" అని భర్త అంటారు. అబ్బాయికి సారీ చెప్పాలా, ఊరుకోవాలా, ఉద్యోగం వదిలేయాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయాయి. పిల్లవాడిని పదిమందిలో చిన్నబుచ్చానే అన్నది ఒకటి. నాకసలు సబ్జెక్టు రాదేమో అన్నది రెండోది. ఒకే ప్రశ్నతో, ఒకే రోజు మొదలయ్యాయి కాబట్టి మీకవి ఒక్కటిగా కనిపిస్తున్నాయి. మొదటిది తప్పే. సరిదిద్దుకోగలిగిన తప్పు. రెండోదాంట్లో మీ తప్పేమీ లేదు. ముందు దాని సంగతి చూద్దాం. అది తేలితే గానీ మొదటిదాన్ని సరిదిద్దడానికి మీకు కాళ్లూ చేతులూ ఆడవు.

ఆ అబ్బాయి ప్రశ్న చాలా పాతది, చాలా గట్టిది. దాన్ని తేల్చడానికి యూరప్‌లో ఉద్దండులకు నూరేళ్ల పైనే పట్టింది. మీరు అరనిమిషంలో జవాబు చెప్పలేకపోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అడిగిన పిల్లవాడికి పదహారేళ్లు. ఎవరూ చెప్పకుండా ఆ ముడిని తనంతట తాను పట్టుకున్నాడు. అది మీ పాఠం వింటూనే పట్టుకున్నాడని మీరు మర్చిపోతున్నారు.

ఆ ముడి ఎంత గట్టిదో చూడండి. 1742లో స్వీడన్‌లో ఆండర్స్ సెల్సియస్ నీటితో రెండు గుర్తులు పెట్టుకుని మధ్యదాన్ని వంద భాగాలు చేశాడు. ఆయన నీళ్లు మరిగేచోట 0, గడ్డకట్టేచోట 100 పెట్టాడు. తర్వాతివాళ్లు దాన్ని తిరగేశారు. ఇది పిల్లలకు చెప్పి చూడండి, ఇష్టంగా వింటారు. కానీ నీళ్లు ఎప్పుడూ ఒకే వేడి దగ్గర మరుగుతాయన్న హామీ ఎక్కడుంది? గాలి పీడనం తగ్గితే మరిగే స్థానం తగ్గుతుంది. కొండ ఎక్కితే సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున పడిపోతుంది. అరకులో కాఫీకి మరిగే నీళ్లు మన విజయవాడ నీళ్ల కంటే దాదాపు మూడు డిగ్రీలు చల్లన. పీడనం ఒకటే అయినా గాజుపాత్రలో నీళ్లు లోహపు పాత్రలో కంటే ఒక డిగ్రీ పైన మరగడం ఫ్రెంచి శాస్త్రవేత్త గేలుసాక్ గమనించాడు. ఈ గొడవ పడలేకే 1777లో లండన్ రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం వాళ్లు కావెండిష్ అనే శాస్త్రవేత్త అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. థర్మామీటర్‌ను మరిగే నీళ్లలో ముంచొద్దు, పైన ఆవిరిలో పెట్టండి, ఆవిరి నిలకడగా ఉంటుంది అని ఆ కమిటీ సలహా ఇచ్చింది. గుర్తు పెట్టుకునే చోటు గురించే ఇంత తర్జనభర్జన.

ఇక ఆ రెండు గుర్తుల మధ్య సంగతి. ఆ అబ్బాయి వేలు పెట్టింది సరిగ్గా ఇక్కడే. మూడు గాజు గొట్టాలు తీసుకుని ఒకదాంట్లో పాదరసం, ఒకదాంట్లో ఆల్కహాల్, ఒకదాంట్లో మామూలు నీళ్లు పోశామనుకోండి. మూడింటికీ ఐస్ దగ్గర 0, ఆవిరి దగ్గర 100 గుర్తు పెట్టి, మధ్యన వంద సమాన భాగాలు చేశాం. ఇప్పుడు మూడింటినీ ఒకే వేడినీళ్లలో ముంచితే, పాదరసం 50 చూపేచోట ఆల్కహాల్ సుమారు 44 చూపుతుంది. నీళ్లు సుమారు 26 దగ్గరే ఆగిపోతాయి. నీళ్లు 0 నుంచి 4 డిగ్రీల దాకా వ్యాకోచించవు, ముడుచుకుంటాయి, మీకు తెలిసిందే. ఈ మూడింటిలో నిజం ఏది? ఎవరిని సాక్ష్యం పిలవాలి?

జెనీవాకు చెందిన డెలూక్ ఒక ఉపాయం పట్టాడు. ఐస్‌చల్లని నీళ్లు, మరిగే నీళ్లు సమానంగా కలిపితే వేడి సరిగ్గా సగంలో ఉండాలి కదా, ఏ థర్మామీటర్ 50 చూపితే అదే నిజాయితీపరురాలు అన్నాడు. ఆ పరీక్షలో పాదరసమే అందరికంటే దగ్గరగా వచ్చింది. ఆ అబ్బాయి ఇది వింటే వెంటనే ఏమంటాడో మీకు తెలుసు. "నీటి విశిష్టోష్ణం 0 నుంచి 100 దాకా ఒకేలా ఉంటుందని ఎలా తెలిసింది మేడమ్?" అంటాడు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఆ ఉష్ణం అన్నిచోట్లా ఒకేలా ఉండదు కూడా. మళ్లీ మొదటికొచ్చాం.

ఈ పీటముడిని విప్పే దారి 1840లలో ఫ్రాన్స్‌లో విక్టర్ రెన్యో చూపించాడు. నాకు ఆయనంటే గొప్ప గౌరవం. ఏది నిజమో ముందే తెలుసుకోలేం, కానీ ఏది తనతో తనే తగువు పడుతోందో మాత్రం చూడగలం అన్నది ఆయన పట్టుకున్న సూత్రం. ఒకే రకం థర్మామీటర్లు పది చేసి ఒకేచోట పెడితే పదీ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే ఆ రకాన్ని నమ్మలేం. పాదరసం థర్మామీటర్లు ఈ పరీక్షలో తప్పాయి. గాజు రకం మారితే, వేడి బాగా ఎక్కువైనచోట, ఒక్కోటీ ఒక్కో అంకె చూపింది. గాలి థర్మామీటర్లు నిలబడ్డాయి. గొట్టంలో ఎంత గాలి నింపినా దాదాపు ఒకే జవాబు. వేరే వేరే వాయువులు వాడినా, పీడనం తగ్గిస్తూ పోయేకొద్దీ అన్నీ ఒకే మాట మీదకు వస్తాయి. మన ఆదర్శ వాయువు పుట్టిల్లు అదేనమ్మా. మీరు ఏటా బోర్డు మీద రాసే సూత్రం వెనుక ఇంత ఓర్పు ఉంది.

1848లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయన, పాతికేళ్లైనా నిండకుండానే ఇంకో అడుగు వేశాడు. పాదరసం, గాలి, ఆల్కహాల్, ఏ పదార్థం మీదా ఆధారపడని కొలత కావాలన్నాడు. అందుకు కార్నో యంత్రాన్ని, అంటే వేడి నుంచి పని రాబట్టే ఊహా ఇంజన్ను, ఆధారం చేసుకున్నాడు. ఆయనా, జౌల్ అనే శాస్త్రవేత్తా కలిసి ఆ తర్వాత దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. ఆదర్శ యంత్రం వేడి వైపు నుంచి తీసుకున్న ఉష్ణానికీ, చల్లటి వైపు వదిలిన ఉష్ణానికీ ఉన్న నిష్పత్తే ఆ రెండు ఉష్ణోగ్రతల నిష్పత్తి. దాంతో ఉష్ణోగ్రతకు ఒక పదార్థంతో ఉన్న పేగుబంధం తెగింది. 1954లో నీటి త్రిక బిందువును, అంటే ఐస్, నీళ్లు, ఆవిరి మూడూ కలిసి నిలకడగా ఉండే స్థానాన్ని, 273.16 కెల్విన్లుగా నిర్ణయించారు. 2019 మే 20 నుంచి అదీ మారింది. ఉష్ణోగ్రతను శక్తితో ముడిపెట్టే బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని కెల్విన్‌కు 1.380649 × 10⁻²³ జౌళ్లుగా ఖాయం చేసి, కెల్విన్‌ను దాని మీద నిలబెట్టారు. అంటే మీరు పాఠం చెప్పడం మొదలుపెట్టాక కూడా ఈ నిర్వచనం మారిందన్నమాట.

ఇంతకీ ఆ అబ్బాయికి చెప్పాల్సిన జవాబేమిటి? మొదటి థర్మామీటర్ కరెక్టని ఎవరూ చెప్పలేదు. అది కరెక్టు కాదు కూడా. చెయ్యి కంటే కొంచెం నయం, అంతే. దాన్ని పట్టుకుని ఇంకాస్త మంచిది చేశారు. ఆ మంచిది వచ్చాక, పాతదాంట్లో తప్పెక్కడుందో కనిపించింది. కాలేజీ విజయవాడలోనే కాబట్టి పిల్లలకు ఆటోనగర్ ఉదాహరణ చెప్పండి. లేత్ మిషన్ భాగాలు ఇంకో లేత్ మీద తయారవుతాయి. మరి మొట్టమొదటి లేత్‌ను దేని మీద చేశారు? చేత్తో, ఆకురాయి పెట్టి అరగదీసి. అది వంకరగానే ఉండి ఉంటుంది. ఆ వంకర లేత్ మీదే దానికంటే తిన్నని లేత్ పుట్టింది. ఆటోనగర్‌లో ఏ షెడ్డులో అడిగినా ఈ మాట ఒప్పుకుంటారు.

మీ మూడు పుస్తకాల సంగతికి వద్దాం. మూడు నిర్వచనాలు చూసి కంగారుపడ్డారు. అవి ఒకదానితో ఒకటి కొట్లాడుకోవు. ఒక్కోటి ఒక్కో ఎత్తు నుంచి చూసిన ఊరు లాంటివి. వేడి, చల్లదనాల స్థాయి అన్నది చేతికి తెలిసే సంగతి. చిన్న తరగతులకు అది చాలు, కానీ చెయ్యి మోసపోతుంది. జనవరి పొద్దున ఇనుప కుర్చీ, చెక్క కుర్చీ రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉన్నా ఇనుముది చల్లగా తగులుతుంది. చేతికి తెలిసేది తనలోంచి ఉష్ణం ఎంత వేగంగా పోతోందన్నది మాత్రమే. మీ అత్తగారు పొయ్యి దగ్గర నుంచి వచ్చారు. వేడెక్కిన చేతికి పాప నుదురు అంత వేడిగా అనిపించలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, చెయ్యి చెప్పిందే చెప్పారు.

సగటు గతిజశక్తి, అంటే అణువుల కదలికలోని శక్తి, అన్న రెండో నిర్వచనం వాయువులకు చక్కగా సరిపోతుంది. ఇంటర్‌కు అది చాలు. 27 డిగ్రీల గదిలో నైట్రోజన్ అణువులు సెకనుకు సుమారు అర కిలోమీటరు వేగంతో అడ్డదిడ్డంగా తిరుగుతుంటాయి. ఆ ‘అడ్డదిడ్డంగా’ అన్న మాటే ఇక్కడ ప్రాణం. మీరు రోజూ రైల్లో కృష్ణ వంతెన దాటుతున్నప్పుడు బోగీలో గాలి అంతా రైలుతో పాటు పరుగెడుతుంది. దానివల్ల బోగీలో వేడి పెరగదు. అందరూ ఒకవైపు పోయే పోక లెక్కలోకి రాదు. ఒక్క అణువుకు ఉష్ణోగ్రత ఎంత అని ఎవరైనా అడిగితే, బస్టాండులో ఒక్క మనిషిని ఆపి నీ రద్దీ ఎంత అని అడగగలమా అనండి. రద్దీ గుంపుది. ఉష్ణోగ్రతా అంతే.

కానీ ఇక్కడ కూడా ఒక హద్దు ఉంది, మీకు తెలిసి ఉండాలి. రాగి తీగను పరమ శూన్యం దగ్గరకు, అంటే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్ దాపుకు చల్లబరిచినా అందులో ఎలక్ట్రాన్లు సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతూనే ఉంటాయి. ఉష్ణోగ్రత అంటే కదలికేనని మొండిగా అంటే ఇది కుదరదు. అందుకే మీ ఎమ్మెస్సీ నోట్సులో ఉన్న మూడో నిర్వచనం. ఒక వస్తువుకు కాస్త శక్తి చేర్చితే దాని ఎంట్రోపీ, అంటే లోపలి శక్తి ఎన్ని రకాలుగా సర్దుకోగలదో చెప్పే కొలత, ఎంత పెరుగుతుంది అన్నదాన్ని బట్టి ఉష్ణోగ్రత. తేలిక మాటల్లో చెప్పాలంటే, రెండు వస్తువులను ఆనించి పెడితే శక్తి ఎటు పోతుందో చెప్పే అంకె అది. ఇచ్చేవైపు ఎక్కువ ఉష్ణోగ్రత, పుచ్చుకునేవైపు తక్కువ. ఇచ్చిపుచ్చుకోవడం సమానమైతే ఇద్దరిదీ ఒకటే. రెండు వస్తువులు విడివిడిగా మూడోదానితో అలా సమానమైతే తమలో తామూ సమానమే, అదే శూన్యాంక నియమం. మిగతా రెండు నిర్వచనాలూ దీని కిందే ఒదుగుతాయి.

పాప థర్మామీటర్ల మాట కూడా తేల్చేస్తాను. చంకలో పెట్టినది నోట్లో పెట్టినదాని కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ దాకా తక్కువ చూపడం మామూలు. మంచి డిజిటల్ థర్మామీటర్‌కు కూడా అటూ ఇటూ 0.2 దాకా తేడా ఉంటుంది. మీ 100.8, 101.6 రెండూ ఒకే జ్వరాన్ని చెప్పాయి. థర్మామీటర్ ఎప్పుడూ చూపేది తన సొంత ఉష్ణోగ్రతనే. మనం ఓపిగ్గా ఆగితే అదీ ఒళ్లూ ఒకటవుతాయి, అప్పుడు ఆ అంకె ఒంటిది అవుతుంది. ఎప్పుడూ ఒకే థర్మామీటర్, ఒకే చోట పెట్టి చూడండి. డాక్టరుకు చెప్పేటప్పుడు ఎక్కడ పెట్టారో కూడా చెప్పండి.

ఇక అబ్బాయి సంగతి. సారీ చెప్పే ముందు ఒక మాట. మార్కులు తగ్గడానికి, వెనక బెంచీకి పోవడానికి మీ మాటే కారణమని మీరు తీర్మానించేశారు. కావచ్చు. ఇంట్లో ఏదో ఇబ్బంది ఉండొచ్చు, హాస్టల్ పడకపోవచ్చు, నిద్ర లేకపోవచ్చు. ఒక్క రీడింగుతో తేల్చకండి. వార్డెన్‌ను అడగండి, వేరే సబ్జెక్టుల వాళ్లను అడగండి. తిండి మానడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం లాంటివి వింటే సారీ సంగతి తర్వాత, ముందు తల్లిదండ్రులకు ఫోన్ చేయించండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా, ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఈ వయసు పిల్లలు హాస్టళ్లలో ఎంత ఒత్తిడి మోస్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాంటిదేమీ లేకపోతే మీ ముందు కొన్ని దారులున్నాయి. ఊరుకోవడం ఒకటి. పిల్లలు మర్చిపోతారని మీ భర్త అనుకుంటూ ఉండొచ్చు. నవ్విన డెబ్భై తొమ్మిది మంది మర్చిపోతారు, నిజమే. ఆ ఒక్కడు మర్చిపోడు. మీరూ మర్చిపోలేదు, ఆరు పేజీలు రాశారు. ఊరుకుంటే ఈ ఏడాది గడిచిపోతుంది గానీ ఆ సెక్షన్ గుమ్మం దగ్గర మీకు పట్టే చెమట పోదు.

స్టడీ అవర్‌లో పక్కకు పిలిచి చెప్పడం ఇంకో దారి. "ఆరోజు నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదురా, అందుకే కసిరాను. నీ ప్రశ్న మంచిది" అంటే చాలు. వాడి మనసు తేలికపడుతుంది. బిడియస్తుడైతే ఇదే మేలు. కానీ చిన్నబుచ్చింది అందరి ముందు, సర్దింది చాటున. ప్రశ్న అడిగితే నవ్వుతారు అని ఆ రోజు మిగతా పిల్లలు నేర్చుకున్నది అలాగే ఉండిపోతుంది.

అందరి ముందే చెప్పడం కష్టమైనది. లాభం ఎక్కువ, ఖర్చూ ఉంది. ఒకరిద్దరు వెనక నుంచి మెల్లగా ఏదో అంటారు. మాట ఇన్‌ఛార్జి దాకా పోవచ్చు. మేడమ్‌కు రాదట అని వేరే సెక్షన్‌లో చెప్పుకోవచ్చు. దానికి సిద్ధపడి చేయాలి. అయితే జవాబు చేత్తో పట్టుకుని వెళ్లి చెప్పే టీచరును ఎవరూ రాదని అనుకోరు. నేనైతే ముందు వాడిని చాటుగా పిలిచి, "రేపు నీ ప్రశ్నను క్లాసులో చెప్తాను, నీ పేరు చెప్పొచ్చా?" అని అడుగుతాను. వద్దంటే పేరు లేకుండా చెబుతాను. ఒప్పుకుంటే పేరుతో చెబుతాను. ఆ నిర్ణయం వాడికి వదిలేయడంలోనే సగం క్షమాపణ ఉంది.

ఇన్‌ఛార్జితో గొడవ పెట్టుకోవద్దు. ఆయన భాషలోనే మాట్లాడండి. ఉష్ణగతిక శాస్త్రం, అణుచలన సిద్ధాంతం కలిపి ఎంట్రెన్సుల్లో ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. మూలం అర్థమైన పిల్లవాడు సెల్సియస్‌కు బదులు కెల్విన్ వేయడం మర్చిపోయే తప్పు చేయడు. వారానికి పది నిమిషాలు పిల్లల ప్రశ్నలకు అడగండి. ఒప్పుకోకపోతే, క్లాసులో ఒక డబ్బా పెట్టి ప్రశ్నలు రాసి వేయమనండి, వారానికి ఒకదానికి జవాబు రాసి నోటీసుబోర్డు మీద అంటించండి. షెడ్యూలుకు అందులో అడ్డేమీ లేదు.

ఉద్యోగం మానడం గురించి. ఈ కాలేజీ పద్ధతే మీకు ఊపిరాడనివ్వట్లేదు అనుకుంటే, స్కూలుకో డిగ్రీ కాలేజీకో మారడం గురించి నిదానంగా ఆలోచించండి. జీతం తగ్గొచ్చు, పాఠానికి తీరిక పెరగొచ్చు. మీ ఇద్దరూ లెక్క వేసుకోవాల్సిన సంగతి అది. కానీ నాకు రాదు అన్న భయంతో ఇప్పుడే మానేస్తే ఆ భయాన్ని ఇంకో ఊరికి మోసుకెళ్తారు. ఈ సంగతి తేలేదాకా రాజీనామా మాట పక్కన పెట్టండి. రాత్రి పిల్ల జ్వరం చూసుకుని, ఆపైన పాత నోట్సు తీసి వెతికిన మనిషి పాఠం చెప్పడం మానకూడదని నా కోరిక కూడా.

క్లాసులో చెప్పదలిస్తే ఇలా చేయండి. ల్యాబ్ నుంచి ఐదు పాదరసం థర్మామీటర్లు తెప్పించండి. కూల్‌డ్రింక్ షాపు నుంచి ఐస్ తెచ్చి చితక్కొట్టి ఒక పాత్రలో వేసి, ములిగేలా నీళ్లు పోయండి. ఐదింటినీ అందులో పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. అన్నీ సున్నా చూపవు. ఒకటి అర డిగ్రీ పైన, ఇంకోటి కింద ఉండటం మన ల్యాబుల్లో మామూలే. రీడింగులు బోర్డు మీద రాయమని సుద్దముక్క ఆ అబ్బాయికి ఇవ్వండి, వాడు సరేనంటేనే. వీటిలో కరెక్టు ఏదని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ అడగకపోతే మీరు అడగండి. అడిగి, రెన్యో దగ్గర నుంచి మొదలుపెట్టండి. పదకొండు లెక్కలు మర్నాడు చేయించొచ్చు.

తర్వాత ఏం జరిగిందో రాయండి. పాప జ్వరం ఎన్నాళ్లకు తగ్గిందో మీ ఉత్తరంలో లేదు, అది కూడా రాయండి.